క్లిప్పులున్న పళ్లకి ఏ మౌత్‌వాష్?

తల్లిదండ్రుల మాట

పోయిన పేరెంట్స్ మీటింగ్ రోజు మా అమ్మాయి క్లాస్ టీచర్ కోసం వరండాలో ఎదురుచూస్తూ కూర్చున్నాను. పక్కన కూర్చున్నావిడ అడిగారు, "మీ పాపకి పళ్లకి క్లిప్పులు వేయించారు కదండీ, ఏ మౌత్‌వాష్ వాడుతున్నారు?" అని. నేను నోరు తెరిచేలోపే వెనక వరుసలో ఒకాయన ఒక బ్రాండ్ పేరు చెప్పారు. ఆయన పక్కనున్నావిడ ఇంకోటి చెప్పారు. "అవన్నీ కెమికల్సండీ, పొద్దున్నే నువ్వుల నూనె పుక్కిలిస్తే చాలు" అన్నారు మరొకరు. ఉప్పు నీళ్లను మించింది లేదని ఒక పెద్దాయన తేల్చేశారు. ఐదు నిమిషాల్లో నాలుగు బ్రాండ్లు, రెండు ఇంటి వైద్యాలు బయటికొచ్చాయి. మధ్యాహ్నం అన్నం తిన్నాక పిల్లలు పళ్లు తోముకుంటున్నారా అని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇంటికొచ్చాక ఆ సంగతే మనసులో తిరిగింది. ఇప్పుడు ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఏ సెక్షన్‌లో చూసినా క్లిప్పులు వేసుకున్న పిల్లలు కనిపిస్తున్నారు. వేలకి వేలు ఖర్చుపెట్టి, ఏడాదిన్నర రెండేళ్లు ఓపిక పట్టి మనం వేయిస్తున్న క్లిప్పులవి. వాటితో పాటు బాత్రూమ్ షెల్ఫ్‌లోకి ఒక రంగు సీసా కూడా వచ్చి చేరుతోంది. అది ఏ పని చేస్తుందో, ఏ పని చేయదో తెలుసుకోకుండానే పిల్లల చేతికి ఇస్తున్నాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మౌత్‌వాష్ మంచిదే. సరైనది ఎంచుకుని, సరైన వేళకి వాడితే క్లిప్పులున్న పిల్లలకి నిజంగా మేలు చేస్తుంది. కానీ మనలో చాలామందిమి తప్పు సీసాని తప్పు వేళలో వాడిస్తూ, బ్రష్ చేయాల్సిన పనిని దాని మీద పెడుతున్నాం. సరైన సీసా ఎంచుకోవడం ఇంట్లో మన బాధ్యత. లంచ్ తర్వాత బ్రష్‌కి ఐదు నిమిషాలు ఇవ్వడం స్కూలు బాధ్యత. రెండోది లేకుండా మొదటిదాని మీద ఎంత ఖర్చుపెట్టినా లాభం సగమే.

తెల్ల మచ్చల కథ

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలో మా అన్నయ్య కొడుకు క్లిప్పులు తీసిన రోజు నాకు అర్థమైంది. రెండేళ్లకి పళ్లు చక్కగా వరసలోకి వచ్చాయి. వాడు అద్దంలో చూసుకుని నవ్వాడు, మేమూ నవ్వాం. ఆ తర్వాతే గమనించాం. ముందు పళ్ల మీద బ్రాకెట్ అతికించిన చోటు చుట్టూ సుద్దతో గీసినట్టు తెల్లటి చట్రాలు. జిగురు మిగిలిపోయిందేమో అనుకుని మా వదిన గోటితో గీకి చూసింది. అది జిగురు కాదు. పంటి పైపొర అక్కడ కరగడం మొదలైందనడానికి గుర్తు.

అది ఎలా జరుగుతుందో డాక్టర్లు చెప్పేది కష్టమైన విషయమేమీ కాదు. మన నోట్లో పళ్ల మీద మెత్తటి పాచి పేరుకుంటుంది. అందులోని బ్యాక్టీరియా మనం తిన్న చక్కెరనీ పిండి పదార్థాన్నీ తిని ఆమ్లం విడుదల చేస్తుంది. పంటి మీద ఆమ్లత పీహెచ్ 5.5 కంటే కిందికి దిగితే ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి పోతాయి. కాసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాల్లో కొంత మళ్లీ చేరుస్తుంది. తిన్న ప్రతిసారీ ఈ దించుడు, ఎక్కించుడు జరుగుతూనే ఉంటుంది. మామూలు పళ్లకి నాలుక తగులుతుంది, పెదవి రుద్దుకుంటుంది, బ్రష్ సులువుగా అందుతుంది. క్లిప్పులున్న పళ్లకి ఆ అవకాశాలు తక్కువ. బ్రాకెట్ అంచుల్లో, తీగ కింద, చిగురుకీ బ్రాకెట్‌కీ మధ్య ఉన్న సన్నటి జాగాలో పాచి కదలకుండా కూర్చుంటుంది. అలా వదిలేస్తే తెల్ల మచ్చ కనపడడానికి ఏళ్లు పట్టదు. నాలుగైదు వారాలు చాలు.

క్లిప్పులు తీసేశాక లాలాజలం వల్ల, ఫ్లోరైడ్ వల్ల ఈ మచ్చలు కొంత తగ్గవచ్చు. పూర్తిగా పోతాయన్న భరోసా లేదు. వంకర పళ్లు సరిచేయించబోయి మచ్చల పళ్లు తెచ్చుకోవడం ఏ పిల్లకీ రాకూడని పరిస్థితి. మౌత్‌వాష్ ఎంచుకునేటప్పుడు మన దృష్టి నోటి వాసన మీద కాకుండా ఈ మచ్చల మీద ఉండాలి. అప్పుడు ఏ సీసా కొనాలో సగం తేలిపోతుంది.

నేను చేసిన పొరపాటు

ఇది తెలిసి కూడా నేను తప్పు చేశాను. మా అమ్మాయికి క్లిప్పులు వేసే ముందు చోటు కోసం రెండు పళ్లు తీశారు. చిగురు మానే వరకు వాడమని డాక్టర్ క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిచ్చారు. వారం వాడాక సీసాలో సగానికి పైగా మిగిలింది. డాక్టర్ ఇచ్చింది కదా, షాపులో దొరికేవాటికంటే ఘాటైంది కదా, పారేయడమెందుకని క్లిప్పులు వేశాక కూడా రోజూ వాడించాను. అది అయిపోతే ఇంకోటి కొన్నాను. రెండు నెలలు తిరిగేసరికి పళ్ల మీద, నాలుక మీద గోధుమరంగు మరకలు. "అమ్మా, పప్పు చప్పగా ఉంది" అని పిల్ల రోజూ అంటుంటే వంట మీద వంక పెడుతోందనుకున్నాను. తర్వాత తెలిసింది, రుచి తేడాగా అనిపించడం కూడా ఆ మందు వల్లేనని.

క్లోర్‌హెక్సిడిన్ చెడ్డ మందు కాదు. బ్యాక్టీరియాని చంపడంలో దానికి మంచి పేరుంది. చిగుళ్లు వాచినప్పుడు, పళ్లు తీసినప్పుడు డాక్టర్లు కొద్దిరోజుల కోసం రాస్తారు. నెలల తరబడి వాడితే మరకలు పడతాయి, గార పేరుకోవడం ఎక్కువవుతుంది, రుచి మారుతుంది. ఇంకో సంగతి, చాలా టూత్‌పేస్టుల్లో నురగ కోసం కలిపే పదార్థం దాని పనిని తగ్గించేస్తుంది. అందుకే బ్రష్ చేసిన వెంటనే వాడకుండా కనీసం అరగంట ఆగమంటారు. ఈ ముక్కలన్నీ సీసాతో వచ్చిన కాగితంలో ఉన్నవే. నేను చదవలేదు. మరకలు డాక్టర్ దగ్గర ఒక్కసారి శుభ్రం చేయిస్తే పోయాయి కాబట్టి బతికిపోయాం. ఆమె నన్ను తిట్టలేదు కానీ ఒక మాటన్నారు: "డాక్టర్ ఎన్ని రోజులు వాడమంటే అన్ని రోజులే మందు. ఆ తర్వాత అది మందు కాదు."

సీసా వెనక్కి తిప్పి చదవండి

ఆ రోజు నుంచి సీసా ముందువైపు బొమ్మ చూడడం మానేసి వెనక సన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టాను. మెడికల్ షాపు అరల్లో ఉన్నవన్నీ ఒకటి కావు. మనకి అవసరమైనంత వరకు ఇలా విడదీసుకోవచ్చు.

మొదటిది ఫ్లోరైడ్ మౌత్‌వాష్. క్లిప్పులున్న పిల్లలకి రోజువారీ వాడకానికి నేను ఓటు వేసేది దీనికే. ఫ్లోరైడ్ పాచిని తుడిచేయదు. కానీ కరుగుతున్న ఎనామిల్‌ని గట్టిపరుస్తుంది, పోయిన ఖనిజాలు తిరిగి చేరడానికి తోడ్పడుతుంది. అంటే తెల్ల మచ్చల మీద నేరుగా పనిచేసేది ఇదే. రోజూ వాడేవాటిలో సాధారణంగా సోడియం ఫ్లోరైడ్ 0.05 శాతం ఉంటుంది. పీపీఎం లెక్కలో రాస్తే సుమారు 225. వారానికోసారి వాడే 0.2 శాతం రకం కూడా ఉంది. దాన్ని డాక్టర్ చెబితే తప్ప ఇంట్లో మొదలుపెట్టకండి. సీసా మీద ఫ్లోరైడ్ అన్న మాటే లేకపోతే అది ఎంత ఖరీదైనదైనా మచ్చల విషయంలో మన ఆశ తీర్చదు.

రెండోది ఇప్పుడు చెప్పిన క్లోర్‌హెక్సిడిన్. డాక్టర్ చీటీ ఉంటేనే, రాసినన్ని రోజులే.

మూడోది ఘాటైన నూనెలతో, సీపీసీ లాంటి క్రిమినాశకాలతో చేసినవి. ఇవి పాచినీ చిగుళ్ల వాపునీ కొంత తగ్గిస్తాయి, వాసన పోగొడతాయి. ఫ్లోరైడ్ కలిపి ఉంటే వాడుకోవచ్చు. ఆల్కహాల్ ఉందో లేదో మాత్రం తప్పకుండా చూడండి. పాతకాలపు రకాల్లో కొన్నింటిలో ఆల్కహాల్ ఐదో వంతుకు మించి ఉండేది. పిల్లల చేతికి అలాంటిది ఇవ్వకూడదన్నది ఒక కారణం. క్లిప్పులు గీసుకుపోయి బుగ్గల్లో పుండ్లు పడిన పిల్లకి అది పోస్తే ప్రాణం లేచిపోయేంత మంట పుడుతుందన్నది ఇంకో కారణం. మంట పుడితేనే పనిచేస్తోందనుకోవడం మన భ్రమ. మంట ఆల్కహాల్‌ది, ఘాటు నూనెలది. ఫ్లోరైడ్‌కి మంట ఉండదు.

నాలుగోది పళ్లు తెల్లబరుస్తామనే రకం. క్లిప్పులున్నంత కాలం దీని జోలికి పోవద్దు. బ్రాకెట్ కింద ఉన్న పన్నుకి ఆ మందు అందదు. చుట్టూ ఒక రంగు, కింద ఒక రంగు మిగలొచ్చు. క్లిప్పుల మీది రబ్బరు రింగులు పచ్చబడ్డాయని కొందరు దీన్ని కొంటుంటారు. ఆ పసుపు మన సాంబారుది, పులిహోరది. లేతరంగు రింగులకి పసుపు పట్టేస్తుంది. డాక్టర్ రింగులు మార్చినప్పుడు అదే పోతుంది. ముదురు రంగు రింగులు అడిగితే బెంగే ఉండదు.

ఇక ఇంటి వైద్యాలు. ఉప్పు నీళ్లకి నా ఇంట్లో చోటుంది. క్లిప్పులు వేసిన మొదటి వారం, తీగ బిగించిన తర్వాత రెండు మూడు రోజులు, పుండ్లు పడినప్పుడు, గోరువెచ్చటి గ్లాసుడు నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే పిల్లకి హాయిగా ఉంటుంది. కానీ అందులో ఫ్లోరైడ్ లేదు. అది ఉపశమనం వరకే. నూనె పుక్కిలించడం ఇంట్లో అలవాటుంటే మానమని నేను చెప్పను. అది బ్రష్‌కీ ఫ్లోరైడ్‌కీ బదులవుతుందంటే మాత్రం ఒప్పుకోను. వేపపుల్ల మీద తాతయ్యకి ఎంత నమ్మకమున్నా, క్లిప్పులున్నన్నాళ్లు మనవరాలి చేతికి ఇవ్వకుండా చూడండి. సకినాలు, పల్లీ చిక్కీ కొరికినా ఊడిపోయే బ్రాకెట్ అది.

అసలు సీసా దాకా వెళ్లే ముందు ఇంట్లో టూత్‌పేస్ట్ ట్యూబ్‌ని తిప్పి చూడండి. మన దేశంలో ఫ్లోరైడ్ పేస్టు ట్యూబ్ మీద అందులో ఎన్ని పీపీఎం ఉందో రాయాలి, అది 1000కి మించకూడదు. మూలికల పేరుతో అమ్మే చాలా పేస్టుల్లో, పళ్లపొడుల్లో ఫ్లోరైడ్ ఉండనే ఉండదు. 225 పీపీఎం మౌత్‌వాష్ కోసం షాపులన్నీ తిరిగి, రెండుపూటలా ఫ్లోరైడ్ లేని పేస్టుతో తోమిస్తే చేసిన పనంతా తలకిందులైనట్టే.

ఫ్లోరైడ్ అంటే ఎందుకు భయం

ఫ్లోరైడ్ మాట ఎత్తగానే మన వాళ్లు కొందరు ఉలిక్కిపడతారు. దానికి కారణం ఉంది. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు, కనిగిరి వైపు బోరునీళ్లు తాగి పళ్లు గారపట్టినట్టు మచ్చలై, ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసిన కుటుంబాలు మనలో ఉన్నాయి. ఆ భయాన్ని కొట్టిపారేయడం తప్పు. కానీ ఆ హాని జరిగింది నీళ్లతో పాటు ఏళ్లతరబడి లోపలికి వెళ్లిన ఫ్లోరైడ్ వల్ల. పళ్ల మీద ఫ్లోరోసిస్ మచ్చలు పడేది పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు మింగిన ఫ్లోరైడ్‌తో. పన్నెండేళ్ల పిల్లకి క్లిప్పులు వేసే పళ్లు అప్పటికే తయారై బయటికొచ్చి ఉంటాయి. నిమిషం పుక్కిలించి ఉమ్మేసే ఫ్లోరైడ్ ఆ పళ్ల పైపొర మీద పనిచేసి పోతుంది.

ఉమ్మేయడం అన్నదే ఇక్కడ ముఖ్యం. ఒక లెక్క చూడండి. 225 పీపీఎం మౌత్‌వాష్ పది మిల్లీలీటర్లలో రెండుంపావు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకి ఒక మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేని చోట ఒకటిన్నర. అంటే ఒక మూతెడు మింగితే రెండు లీటర్లకి పైగా నీళ్లలోని ఫ్లోరైడ్ ఒక్క గుక్కలో వెళ్లినట్టు. ఒక్కసారి పొరపాటున మింగితే కంగారు పడక్కర్లేదు కానీ రోజూ మింగే అలవాటు ఉండకూడదు. అందుకే ఆరేళ్లలోపు పిల్లలకి మౌత్‌వాష్ ఇవ్వకూడదంటారు. అక్క సీసా చూసి, స్ట్రాబెర్రీ వాసన చూసి చిన్నవాడు తాగేసే ప్రమాదం మన ఇళ్లలో లేకపోలేదు. పై అరలో పెట్టండి. మీ ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలిస్తే, బోరునీళ్లే తాగుతుంటే, ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పి అడగండి.

ప్రకటనలు మనకి నేర్పింది

మరి ఇంత తేడా ఉంటే మనం ఎప్పుడూ వాసన గురించే ఎందుకు ఆలోచిస్తాం? ఎందుకంటే మౌత్‌వాష్‌ని మనకి అలాగే అమ్మారు. లిస్టరిన్ 1879లో అమెరికాలో ఆపరేషన్లకి వాడే క్రిమినాశకంగా పుట్టింది. 1920లలో దాన్ని నోటి దుర్వాసన భయం చూపించి ఇంటింటికీ అమ్మారు. పెళ్లి కాకపోవడానికి కూడా నోటి వాసనే కారణమన్నట్టు ప్రకటనలు వేశారు. జలుబుకీ గొంతునొప్పికీ పనిచేస్తుందని కూడా దశాబ్దాలపాటు చెప్పుకున్నారు. చివరికి 1975లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ మాట తప్పని ప్రకటనల్లోనే ఒప్పుకోవాలని కంపెనీని ఆదేశించింది. 1977లో అప్పీలు కోర్టు కూడా ఆ సవరణ ప్రకటన వేయాల్సిందేనంది.

ఈ కథ చెప్పింది ఒక కంపెనీని తిట్టడానికి కాదు. ఆ రకం మౌత్‌వాష్ పాచి తగ్గించడంలో కొంత పనిచేస్తుందని పైన నేనే రాశాను. సీసా ముందువైపు రాసేది అమ్మడానికి, వెనకవైపు రాసేది వాడడానికి అని గుర్తుచేయడానికే చెప్పాను. ఘుమఘుమలాడే నోట్లో కూడా బ్రాకెట్ చుట్టూ పాచి అలాగే ఉండొచ్చు. వాసన పోయిందంటే శుభ్రమైపోయిందని పిల్లలు అనుకుంటారు. ఆ ధీమాతో బ్రష్ కుదించేస్తారు. మౌత్‌వాష్‌తో నాకున్న పెద్ద పేచీ ఇదే. రసాయనం కంటే ఆ ధీమా ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఏ వేళకి వాడాలి

మనం తెలుగువాళ్లం పళ్లు తోముకున్నాక నాలుగైదు పుక్కిళ్లు పుక్కిలిస్తే గానీ తృప్తి పడం. ఆ పుక్కిళ్లతోనే పేస్టులోని 1000 పీపీఎం ఫ్లోరైడ్ సింకులోకి పోతుంది. తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోవడమే మేలని ఇప్పుడు దంతవైద్యులు చెబుతున్నారు. తోమిన వెంటనే మౌత్‌వాష్ వాడడం కూడా తప్పే. 1000 పీపీఎంని కడిగేసి 225 పీపీఎంని నింపుకున్నట్టవుతుంది. అందుకని మౌత్‌వాష్‌కి బ్రష్‌తో సంబంధం లేని వేళ చూసుకోవాలి.

మా ఇంట్లో ఆ వేళ సాయంత్రం. స్కూల్ నుంచి వచ్చి టిఫినో, పండో తిన్నాక ముందు నీళ్లతో పుక్కిలిస్తుంది. తర్వాత కొలిచిన పది మిల్లీలీటర్ల మౌత్‌వాష్ ఒక నిమిషం నోట్లో తిప్పి ఉమ్మేస్తుంది. ఆ తర్వాత అరగంట ఏమీ తినదు, తాగదు. ఆ అరగంటలో హోంవర్క్ మొదలవుతుంది. పొద్దున, రాత్రి బ్రష్ మామూలే. రాత్రి బ్రష్‌కి ముందు సీసాలు కడిగే బ్రష్‌లా ఉండే బుల్లి ఇంటర్‌డెంటల్ బ్రష్‌తో తీగ కింద తోముతుంది. మొదటి నెల నేను పక్కన నిలబడ్డాను. ఇప్పుడు ఆదివారం ఒక్కరోజు చూస్తాను. పాచికి రంగు పట్టించే మాత్రలు డెంటల్ షాపుల్లో దొరుకుతాయి. ఒకటి నమిలించి ఉమ్మిస్తే ఎక్కడ పాచి మిగిలిందో రంగులో కనిపిస్తుంది. నేను వంద చెప్పినా వినని పిల్ల ఆ రంగు చూసి నోరు మూసుకుని మళ్లీ తోముకుంది.

హాస్టల్‌లో పిల్లల్ని ఉంచినవారికి ఈ పర్యవేక్షణ కుదరదు. వాళ్లకి ఔటింగ్ రోజు ఫ్లోరైడ్ ఉన్న, ఆల్కహాల్ లేని సీసా కొనిచ్చి, సాయంత్రం స్నాక్స్ తర్వాత అన్న ఒక్క మాట గట్టిగా చెప్పండి. ఇంటికొచ్చినప్పుడు ఆ రంగు మాత్ర ఒకటి ఇచ్చి చూడండి.

స్కూలుని అడగాల్సింది

ఇప్పుడు అసలు ఖాళీ గురించి. మా అమ్మాయి పొద్దున ఆరింటికి పళ్లు తోముకుంటుంది. ఏడింటికి బస్సు. పదిన్నరకి స్నాక్స్, పన్నెండున్నరకి లంచ్, ఎవరిదైనా పుట్టినరోజైతే మధ్యలో చాక్లెట్, నాలుగింటికి బిస్కెట్లు, స్టడీ అవర్ అయి ఇంటికొచ్చేసరికి ఆరున్నర. పన్నెండు గంటల పైమాటే. ఈ పన్నెండు గంటల్లో నాలుగుసార్లు తింటుంది, ఒక్కసారి కూడా బ్రష్ పళ్లని తాకదు. తిన్న ప్రతిసారీ పంటి మీద ఆమ్లం పెరిగి తగ్గడానికి అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఇంట్లో మనం పోసే మౌత్‌వాష్ పన్నెండు గంటల పాచికి సాయంత్రం చెప్పే క్షమాపణ లాంటిది.

కాబట్టి మేనేజ్‌మెంట్‌కి నా విన్నపం చిన్నది. లంచ్ బ్రేక్ చివరి ఐదు నిమిషాలు క్లిప్పులున్న పిల్లలు బ్రష్ చేసుకోవడానికి ప్రతి ఫ్లోర్‌లో ఒక వాష్‌బేసిన్ కేటాయించండి. దాని పైన ఒక అద్దం పెట్టండి. అద్దం లేకుండా బ్రాకెట్ల చుట్టూ తోమడం చీకట్లో సూదిలోకి దారం ఎక్కించడమే. బెల్ కొట్టాక రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చినా వాళ్లని గుమ్మం బయట నిలబెట్టకండి.

వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. కుళాయిల దగ్గర రద్దీ అంటారు. మొత్తం క్లాసుకి అడగడం లేదు, క్లిప్పులున్నవాళ్లకే. సెక్షన్‌కి నలుగురైదుగురు ఉంటారు. టీచర్లకి పని పెరుగుతుందంటారు. పన్నెండేళ్ల పిల్లకి కాపలా అక్కర్లేదు, అనుమతి చాలు. బ్రష్‌లు మారిపోతాయంటారు. మూత ఉన్న బ్రష్, పేరు రాసిన డబ్బా మనం పంపుదాం. పిల్లలే సిగ్గుపడతారంటారు. అది నిజం. మా అమ్మాయి కూడా మొదట "అందరూ చూస్తారమ్మా" అంది. ఒక్కళ్లే తోముకుంటే సిగ్గు. నలుగురు కలిసి వెళితే అది మామూలు పని అయిపోతుంది. క్లాస్ టీచర్ ఒక్క మాట చెబితే ఆ నలుగురు కలుస్తారు. మౌత్‌వాష్ సీసాలు మాత్రం స్కూల్‌కి పంపొద్దు, పంపనివ్వొద్దు. అవి ఇంటికే పరిమితం కావాలి.

ఇంకో చిన్న మాట. పుట్టినరోజు చాక్లెట్ మానమని నేను అడగను, పిల్లల సంబరం అది. దాన్ని పీరియడ్ల మధ్య కాకుండా లంచ్‌తో పాటు తిననిస్తే పళ్ల మీద ఒక దాడి తగ్గుతుంది. బ్రష్ కుదరని రోజు గట్టిగా రెండు మూడు పుక్కిళ్ల నీళ్లైనా పుక్కిలించమని టీచర్లు గుర్తుచేస్తే చాలు. దానికి ఖర్చు కూడా లేదు.

మీటింగ్ రోజు అడిగినావిడకి నేను ఆ వేళ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. బ్రాండ్ ఏదైనా పర్వాలేదండీ. ఫ్లోరైడ్ ఉండాలి, ఆల్కహాల్ ఉండకూడదు, బ్రష్ చేసిన వెంటనే వాడకూడదు, మింగకూడదు. అంతకంటే ముందు మీ పాప బ్యాగులో ఒక బ్రష్ పెట్టండి. రేపటి నుంచి మా పాప బ్యాగులో కూడా ఒకటి ఉంటుంది. లంచ్ తర్వాత ఇద్దరూ కలిసి కుళాయి దగ్గరికి వెళతారు.